ప్లాను ఏఐ చేత వేయించకండి: స్టడీ ప్లానర్ యాప్ కడుతున్న ఫైనలియర్ బృందాలకు బహిరంగ లేఖ

భీమవరం, నరసాపురం, అమలాపురం, రాజమహేంద్రవరం, కాకినాడ చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో చివరి సంవత్సరం ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థినీ విద్యార్థులకు, వారికి గైడ్లుగా ఉన్న మాస్టార్లకు, మేడమ్‌లకు నమస్కారం.

ఏ బ్యాచ్‌లో చూసినా ‘ఏఐ స్టడీ ప్లానర్’ అనే టాపిక్ ఒకటైనా ఉంటుంది. టాపిక్ మంచిదే. పదో తరగతి పిల్లలకి, ఇంటర్ పిల్లలకి నిజంగా పనికొచ్చేది. తంటా అంతా కట్టే పద్ధతిలోనే ఉంది. సబ్జెక్టులు, పరీక్ష తేదీ, రోజుకి ఎన్ని గంటలు అని ఒక ఫారం. ఆ మూడింటినీ ఒక ప్రాంప్టులో పెట్టి చాట్‌జీపీటీ లాంటి భాషా మోడల్‌కి పంపడం. అది ఇచ్చిన పట్టికని రంగులు వేసి తెర మీద చూపించడం. రివ్యూలో బాగానే ఉంటుంది. బడిపిల్లల చేతిలో పెడితే మూడో రోజుకి మూలపడుతుంది. పైన పటారం, లోన లొటారం.

కారణం ఒక లెక్కలో చూపిస్తాం. పదో తరగతి అమ్మాయి సంక్రాంతి హడావిడి పోయాక జనవరి 20న మొదలుపెట్టి మార్చి 15 దాకా చదువుతుందనుకోండి. 55 రోజులు. బడిలో పొద్దున, సాయంత్రం అదనపు క్లాసులు పోగా ఇంటి దగ్గర మిగిలేది మామూలు రోజు 2 గంటలు, ఆదివారం 4 గంటలు. 47 మామూలు రోజులకి 94 గంటలు, 8 ఆదివారాలకి 32. మొత్తం 126 గంటలు. జ్వరం, చుట్టాలు, కరెంటు, ఊళ్లో పెళ్లి వీటికి పావు వంతు తీసెయ్యండి. మిగిలింది 94న్నర. ఇప్పుడు ఖర్చు వైపు చూడండి. అన్ని సబ్జెక్టులూ కలిపి 70 పాఠాలనుకుందాం. ఒక్కో పాఠం చదవడానికి 75 నిమిషాలు, తర్వాత 20 నిమిషాల చొప్పున మూడు పునశ్చరణలు. పాఠానికి 2 గంటల 15 నిమిషాలు. 70 పాఠాలకి 157న్నర గంటలు. చేతిలో ఉన్న గంటల్లో 42 పాఠాలే పడతాయి.

భాషా మోడల్‌ని అడిగితే 70 పాఠాలకీ పట్టిక రాసి ఇచ్చేస్తుంది. అది చేసేది కూడిక కాదు, టైంటేబుల్ అనేది ఎలా కనిపిస్తుందో అలాంటి అక్షరాలు పేర్చడం. మంగళవారం 2 గంటల్లో 4 గంటల పని కూరేస్తుంది, ఒక పాఠం రెండుసార్లు వేస్తుంది, మరొకటి మర్చిపోతుంది. ఆ అమ్మాయి మూడు రోజులు వెనకబడి, తప్పు తనదే అనుకుని యాప్ తీసేస్తుంది. తప్పు ఆమెది కాదు. అందుకే మా మొదటి విన్నపం: ప్లాను మామూలు ప్రోగ్రాము వేయాలి. ఏఐ పని వినడం, అర్థం చేసుకోవడం, ప్లానులోది మాటల్లో చెప్పడం. అంకె అనేది మోడల్ నుంచి ప్లానులోకి నేరుగా ఎక్కకూడదు.

గంటలు చాలనప్పుడు యాప్ ఆ మాట మొదటి తెర మీదే చెప్పాలి. ‘మీ దగ్గర 94 గంటలున్నాయి, కావలసింది 157. ఏం తగ్గిద్దాం?’ అని. బాగా వచ్చిన పాఠాలకి మూడు పునశ్చరణలు ఒకటికి తగ్గించడం, కొన్ని పాఠాల్లో ముఖ్యమైన ప్రశ్నలే చూడటం, కొన్నిటిని వదిలెయ్యడం. ఏది వదలాలో టీచరు ఒకసారి చూడాలి. ఆ ఎంపికని యాప్ రహస్యంగా చేయకూడదు.

ఎంపిక అన్నాక లక్ష్యం ఏమిటన్నది వస్తుంది. చాలామంది తెలియకుండానే పడే గుంట ఇది. ‘మొత్తం మార్కులు వీలైనంత పెంచు’ అని లక్ష్యం పెట్టారనుకోండి. లెక్కల్లో 22 మార్కుల దగ్గర ఉన్న పిల్లాణ్ని మీ ప్రోగ్రాము సోషల్ వైపు తోసేస్తుంది, గంటకి మార్కులు అక్కడ ఎక్కువ పెరుగుతాయి కాబట్టి. టోటల్ పెరుగుతుంది, పిల్లాడు లెక్కల్లో తప్పుతాడు. పదిలో పాస్ మార్కు సబ్జెక్టుకి 35, హిందీకి 20. లక్ష్యాన్ని రెండు మెట్లుగా పెట్టండి. ముందు ప్రతి సబ్జెక్టునీ పాస్ గీత మీద పది మార్కులు ఎక్కువగా చేర్చడం. అది కుదిరాకే, మిగిలిన గంటలు ఎక్కడ మార్కులు ఎక్కువ వస్తాయో అక్కడికి. ఈఏపీసెట్‌కి ఇదే కోడ్ వాడితే తేడా వస్తుంది: అక్కడ 160 ప్రశ్నల్లో లెక్కలే 80, తప్పుకి మార్కు కోత లేదు, సబ్జెక్టుకో పాస్ గీతా లేదు. అక్కడ మొత్తం పెంచడమే సరైన లక్ష్యం. కాబట్టి లక్ష్యం అనేది పరీక్షని బట్టి మారే అమరికగా ఉండాలి, కోడ్‌లో పాతేసినది కాకూడదు.

ఇక అంచనాలు. ‘ఈ పాఠం ఎంతసేపు పడుతుంది?’ అని అడిగితే ఎవరైనా తక్కువే చెబుతారు. మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లోనే దీనికి ‘ప్లానింగ్ ఫాలసీ’ అని పేరు పెట్టారు. మన దగ్గర దాన్ని ఆరంభశూరత్వం పక్కన కూర్చోబెట్టొచ్చు. మందు సులువు. నిజంగా పట్టిన నిమిషాల్ని చెప్పిన నిమిషాలతో భాగించి, ఆ నిష్పత్తి సబ్జెక్టు వారీగా దాచుకోండి. చివరి ఏడు పనుల మధ్యగతం (చిన్నది నుంచి పెద్దదాకా పేరిస్తే నడిమి అంకె) తీసుకుని, రాబోయే అంచనాలని దానితో గుణించండి. సగటు వద్దు, ఎందుకంటే ఒక రోజు టైమర్ ఆపడం మర్చిపోయి భోజనానికి వెళితే సగటు చెడిపోతుంది, మధ్యగతం చెడదు. మొదట్లో డేటా ఉండదు కాబట్టి 1.5తో మొదలుపెట్టండి. 0.7 కంటే తగ్గనివ్వకండి, 2.5 దాటనివ్వకండి. దీనికి మెషీన్ లెర్నింగ్ అక్కర్లేదు. అబ్‌స్ట్రాక్టులో ఆ మాట లేకపోతే మార్కులు రావని భయపడేవాళ్లకి చెప్పేదేమిటంటే, ఏడు అంకెల మధ్యగతం ఎందుకు చాలిందో వైవాలో వివరించగలగడం కూడా తెలివే.

పునశ్చరణల ఎడం గురించి పరిశోధకులు ఎక్కువే రాశారు, కానీ మన ప్రాజెక్టుల్లో దాన్ని తప్పుగా వాడుతున్నారు. ఎక్కువమంది ఎత్తుకొచ్చేది 1987 నాటి ఎస్‌ఎం-2 సూత్రం: మొదటి ఎడం 1 రోజు, రెండోది 6 రోజులు, ఆ పైన 2.5తో మొదలయ్యే గుణకంతో పెరుగుతూ పోవడం. అది ఫ్లాష్ కార్డులకి పుట్టింది, పాఠాలకి కాదు. పైగా దానికి పరీక్ష తేదీ తెలియదు. 1, 6, 15, 38 అని పోతూ పోతూ ఒక పునశ్చరణని పరీక్ష అయిపోయాక వేస్తుంది. పరీక్ష తేదీ ముందే తెలిసిన మనకి 2008లో మనస్తత్వ శాస్త్రవేత్త సెపెడా బృందం చేసిన ప్రయోగం దారి చూపుతుంది: ఎన్ని రోజులు గుర్తుండాలో దాన్నిబట్టి ఎడం పెట్టాలి. వారం దూరంలో పరీక్ష ఉంటే ఆ దూరంలో సుమారు ఇరవై నుంచి నలభై శాతం, ఏడాది దూరంలో ఉంటే అయిదు నుంచి పది శాతం. 30 రోజులుంటే ఈ రెండింటి మధ్య, సుమారు వారం రోజుల ఎడం. చివరి పునశ్చరణ ఆ సబ్జెక్టు పరీక్షకి ముందు రెండు రోజుల్లో పడాలి. పునశ్చరణ అంటే మళ్లీ చదవడం కాదు, పుస్తకం మూసి రాయడం. యాప్‌లో ఆ పని పేరే ‘చూడకుండా రాయి’ అని పెట్టండి, ‘రివిజన్’ అంటే పిల్లలు పేజీలు తిప్పుతారు.

అసలు పరీక్ష మాత్రం ప్లాను చెడిపోయిన రోజున యాప్‌కే. అయిదు రోజులు చదవలేదనుకోండి. ఆ అయిదు రోజుల పునశ్చరణలన్నీ ఆరో రోజు మీద కూలతాయి. తెర తెరవగానే ‘23 పనులు బకాయి’ అని ఎర్రగా కనపడితే ఎవరైనా మూసేస్తారు. పునశ్చరణలకి రోజులో 40 శాతం మించి ఇవ్వకండి. బకాయిల్లో పరీక్షకి దగ్గరవాటిని ముందు వేసి, మిగిలినవాటిని వారం మీద సర్దండి, సర్దలేనివాటిని వదిలేసి ఆ మాట చెప్పండి. బకాయిల లెక్క తెర మీద చూపించనే వద్దు, ఈ రోజు చేయాల్సింది చూపిస్తే చాలు. ఇంకొకటి, ప్రతి పొద్దున ప్లాను మొత్తం తిరగరాయకండి. ఇవాళ, రేపు కదలకూడదు. ఆ తర్వాతి రోజుల్లో కూడా ఒక పనిని జరిపితే దానికి కొంత జరిమానా లెక్కలో వేయండి. నిన్న శుక్రవారం ఫిజిక్స్ అని, ఇవాళ శుక్రవారం తెలుగు అని చెప్పే యాప్‌ని పిల్లలు నమ్మరు.

ఈ సర్దుబాటుకి గూగుల్ ఓఆర్-టూల్స్‌లోని సీపీ-శాట్ లాంటి సాల్వర్ (షరతులన్నీ ఇస్తే వాటికి సరిపడే అమరికని వెతికే ప్రోగ్రాము) వాడొచ్చు. రోజుని అరగంట ముక్కలు చేస్తే 55 రోజులకి 252 ముక్కలు, చిన్న సమస్యే. కానీ అది సర్వర్ మీద నడవాలి, అంటే నెట్ కావాలి. మా సలహా, ముందు ఫోన్‌లోనే నడిచే వరస పద్ధతి రాయండి: గడువు దగ్గరది ముందు, గడువులు సమానమైతే మార్కులు ఎక్కువున్నది ముందు, ఒకే సబ్జెక్టు వరసగా మూడు ముక్కలు వద్దు. నూరు, నూట యాభై లైన్ల కోడ్. సాల్వర్‌తో వచ్చిన ప్లానుతో పోల్చి చూడండి. తేడా పెద్దగా లేకపోతే సాల్వర్ తీసెయ్యండి.

ఇప్పుడు డెల్టా సంగతి. బయటి యాప్‌లు మన పిల్లలకి అతకనిది ఇక్కడే. యాప్ దృష్టిలో సెలవంటే ఖాళీ గంటలు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. కనకాయలంక కాజ్‌వే లాంటివి మునిగితే లంక పిల్లలు పడవ మీదే బయటికి రావాలి. బడికి సెలవు ఇస్తారు. మామూలు యాప్ ఆ రోజుకి 6 గంటలు చదువు వేస్తుంది. ఇంట్లో బియ్యం బస్తాలు అటక ఎక్కిస్తుంటారు, కరెంటు ఉండదు, కొందరు పునరావాస కేంద్రంలో ఉంటారు. కాబట్టి సెలవుల్ని మూడు రకాలు చేయండి. చదువు సెలవుకి ఆదివారం గంటలు. పండగకి సున్నా. వరద, తుపానులకి సున్నా, నీరు తీశాక రెండు రోజులు సగం గంటలు. ఇది ఒక్క మీటతో జరగాలి: ‘వరద’ అని నొక్కితే ప్లాను దానంతటదే వెనక్కి జరగాలి, కారణాలు అడగకూడదు.

భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ సున్నా పెట్టండి. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో ఉన్న కుర్రాడికి ‘త్రికోణమితి మిగిలిపోయింది’ అని నోటిఫికేషన్ పంపే యాప్‌కి బుద్ధి లేదనే అనుకుంటారు. సఖినేటిపల్లి వైపు పిల్లలకి భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవం. ఇది తిథిని బట్టి మారుతుంది కాబట్టి తేదీ కోడ్‌లో రాయకండి, మండలం వారీగా ఏడాదికో పట్టిక పెట్టి టీచరు దిద్దేలా చూడండి. సార్వా కోతలప్పుడు, దాళ్వా ఊడ్పులప్పుడు రైతుల ఇళ్లలో సాయంత్రాలు పోతాయి. ఆ వారాలకి గంటలు తగ్గించుకునే వీలు ఇస్తే చాలు.

ఫోన్ ఎవరిదన్నది ఇంకా ముఖ్యం. చాలా ఇళ్లలో అది నాన్నది. ఆక్వా చెరువులున్న ఇళ్లలో రాత్రిళ్లు నీటిలో ఆక్సిజన్ పడిపోతుందని ఏరేటర్ల కాపలాకి ఆయన చెరువు గట్టు మీద ఉంటారు, ఫోన్ కూడా ఆయనతోనే. మీ అలారం తెల్లారగట్ల నాలుగింటికి గట్టు మీద మోగుతుంది. ఒకే ఫోన్‌లో అక్కకీ తమ్ముడికీ వేరు ప్లాన్లు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, వారం ప్లాను ఒక్క పేజీ బొమ్మగా డౌన్‌లోడ్ కావాలి, నలుపు తెలుపుల్లో, జిరాక్స్ కొట్టులో తీయించుకునేలా. పక్కనే టిక్కు పెట్టడానికి గడులు, నిజంగా పట్టిన నిమిషాలు రాయడానికి ఒక గడి. ఆదివారం ఫోన్ దొరికినప్పుడు ఆ టిక్కులన్నీ అయిదు నిమిషాల్లో ఎక్కించే తెర ఒకటి. మీ యాప్‌లో అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన తెర ఇదే. గోడ మీద కాగితానికి చార్జింగ్ అక్కర్లేదు. కాగితం మీద ప్రింటు తీస్తే ఏఐ ప్రాజెక్టు ఎలా అవుతుందని ఎవరైనా గైడ్ అడిగితే ఈ పేరా చూపించండి.

డేటా ముందు ఫోన్‌లోనే ఉండాలి, నెట్ దొరికినప్పుడు సర్వర్‌కి వెళ్లాలి. అలారాల విషయంలో ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్‌కి అనుమతి అడగాలి, 14లో కొత్తగా ఎక్కించిన చాలా యాప్‌లకి కచ్చితమైన అలారం అనుమతి మొదట ఇవ్వరు. చవక ఫోన్లలో బ్యాటరీ సేవర్ వెనక నడిచే పనుల్ని చంపేస్తుంది. కాబట్టి అలారం మోగుతుందన్న నమ్మకం మీద ఏదీ కట్టకండి.

ఎవరూ పట్టుకోలేని ఒక బగ్ గురించి విడిగా చెప్పాలి. సమయాన్ని యూటీసీలో (ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయంలో) దాచి, రోజుని కూడా దాన్నుంచే లెక్కిస్తారు. మన సమయం దానికి అయిదున్నర గంటలు ముందు. 12వ తేదీ తెల్లవారుజామున 4:40కి చదివి టిక్కు పెడితే యూటీసీలో అది 11వ తేదీ రాత్రి 11:10. పని నిన్నటి ఖాతాలో పడుతుంది, ఇవాళ చదవలేదని చూపిస్తుంది. మన దగ్గర తెల్లారగట్ల లేచి చదివే పిల్లలే ఎక్కువ, అంటే శ్రద్ధగా చదివేవాళ్లకే ఈ దెబ్బ. మీరు టెస్టు చేసేది సాయంత్రం హాస్టల్లో కాబట్టి మీకు కనపడదు. సమయం యూటీసీలో దాచినా, రోజుని ఫోన్‌లోని స్థానిక తేదీగా వేరే గడిలో దాచండి. టెస్టు ఫోన్ గడియారం 4:40కి తిప్పి ఒకసారి చూడండి.

ఏఐకి మిగిలిన పని చిన్నదేమీ కాదు. ‘సోమవారం ఎఫ్ఏ ఉంది మేడం, సైన్సు మూడు పాఠాలు, కరెంట్ అవ్వలేదు’ అని ఒక పిల్ల అంటే అందులో పరీక్ష, రోజు, సబ్జెక్టు, మిగిలిన పాఠం విడదీయడం మోడల్‌కే చేతనవును. ఆ ‘కరెంట్’ విద్యుత్ పాఠమని, ఇంట్లో పోయిన కరెంటు కాదని సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. ఫలితాన్ని నిర్ణీత జేసన్ స్కీమాలో (ఏ గడిలో ఏముండాలో ముందే చెప్పిన నమూనాలో) తీసుకోండి. తేదీని మోడల్ చేత లెక్క వేయించకండి. ‘వచ్చే సోమవారం’ అన్న మాటనే తీసుకుని తేదీ కోడ్‌లో తేల్చండి. శనివారం నాడు అన్న ‘వచ్చే సోమవారం’ ఎల్లుండా, ఆ పై వారమా అన్నది మనుషులకే అనుమానం, కాబట్టి అడగండి. సమయాలు కూడా చూసుకోండి: ఏడుంపావు అంటే 7:15, ఏడున్నర 7:30, పావు తక్కువ ఎనిమిది 7:45. ‘అయిదింటికి లేస్తా’ పొద్దున్నే, ‘అయిదింటికి ట్యూషన్’ ఏదైనా కావొచ్చు. పిల్లలు ఇవే మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రకరకాల స్పెల్లింగులతో కొడతారు. అవి కూడా టెస్టులో ఉండాలి.

పాఠాల పేర్లు మోడల్ నుంచి రానివ్వకండి. అడిగితే పాత పుస్తకంలోవో, తెలంగాణ పుస్తకంలోవో కలిపి చెబుతుంది, కొన్ని సొంతంగా పుట్టిస్తుంది. ఈ ఏడాది పాఠ్యపుస్తకం విషయసూచికని మీరే పట్టికలో ఎక్కించి ఒక్కో పాఠానికి నంబరు ఇవ్వండి. మోడల్ ఆ నంబర్లలోంచి ఎంచాలి, దొరక్కపోతే ఖాళీ ఇవ్వాలి. పీడీఎఫ్ నుంచి కాపీ చేద్దామనుకుంటే అను లాంటి పాత, యూనికోడ్ కాని ఫాంట్లలో చేసినవాటి నుంచి చెత్త అక్షరాలు వస్తాయి. ఓసీఆర్ (బొమ్మలోంచి అక్షరాలు చదివే సాఫ్ట్‌వేర్) కోసం పోరాడకండి, పేర్లు చేత్తో టైపు చేస్తే ఒక పూట పని.

బడిపిల్లలు నిజంగా మాట్లాడే తీరులో రెండు వందల వాక్యాలు సేకరించి, ఒక్కోదానికి సరైన జవాబు చేత్తో రాసి పెట్టుకోండి. ప్రాంప్టు మార్చినప్పుడల్లా అన్నిటి మీదా నడపండి. పాఠం, తేదీ, నిడివి మూడింటికీ విడివిడిగా లెక్క చూడండి. ఖాళీ వదిలితే పిల్లల్ని అడిగి నింపొచ్చు. ధీమాగా తప్పు రాస్తేనే ప్రమాదం, ఆ రెండిటినీ ఒకే ‘యాక్యురసీ’ అంకెలో కలిపేయకండి. ఏది అర్థమైందో చూపించి ‘సరేనా?’ అని అడిగాకే దాచండి.

ఏపీఐ తాళాన్ని (మోడల్‌ని మీ ఖాతా మీద వాడుకోనిచ్చే రహస్య సంకేతాన్ని) యాప్ లోపల పెట్టే అలవాటు ఇంకా పోలేదు. ఏపీకే ఫైలు విప్పి దాన్ని ఎవరైనా తీయగలరు, బిల్లు మీ కార్డు మీద పడుతుంది. సర్వర్‌లో ఉంచి, నెలకి ఇంతే అని పరిమితి పెట్టండి. తెలుగు వాక్యానికి ఇంగ్లీషు కంటే టోకెన్లు (మోడల్ మాటల్ని విడగొట్టే ముక్కలు, బిల్లు వీటి మీదే) ఎక్కువ పడతాయి, ఖర్చు అంచనాని ఇంగ్లీషుతో వేయకండి.

చట్టం సంగతి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం లెక్కలో 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే, అంటే ఇంటర్ వాళ్లలో ఎక్కువమంది కూడా. వాళ్ల డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి నిరూపించగలిగేలా ఉండాలి. పిల్లల నడవడి మీద నిఘా కూడదంటుంది. విద్యాసంస్థలకి ఉన్న మినహాయింపులు మీకూ వర్తిస్తాయని అనుకోకండి. ట్రయల్‌కి ముందు హెడ్మాస్టరు అనుమతి, తల్లిదండ్రుల సంతకం కాగితం మీద, తెలుగులో తీసుకోండి. పేరు, ఫోన్ నంబరు అక్కర్లేదు, క్రమసంఖ్య చాలు. కొన్ని ఉచిత ఏఐ సర్వీసుల్లో పంపిన మాటల్ని శిక్షణకి వాడుకుంటారు, షరతులు చదవండి. క్లాసులో ఎవరు ఎన్ని గంటలు చదివారో ర్యాంకుల పట్టిక మాత్రం ససేమిరా వద్దు.

గైడ్లకి ఒక మనవి. వైవాలో ‘98 శాతం యాక్యురసీ’ అని చెప్పిన బృందానికి కాక, ఈ మూడు ప్రశ్నలకి జవాబు చెప్పగలిగిన బృందానికి మార్కులు వేయండి: వేసిన పనుల్లో నాలుగో వారానికి ఎన్ని జరిగాయి? ప్లాను తప్పిన తర్వాత ఎంతమంది మూడు రోజుల్లో తిరిగొచ్చారు? కాగితం మీద చేత్తో ప్లాను వేసుకున్న పిల్లలతో పోలిస్తే తేడా ఉందా? ముప్పై మందితో నాలుగు వారాల్లో మార్కులు పెరిగాయని ఎవరైనా అంటే నమ్మకండి, అంత చిన్న ట్రయల్ ఆ మాట చెప్పలేదు.

ట్రయల్‌కి దసరా సెలవుల తర్వాత, సంక్రాంతికి ముందు వారాలు మంచివి. ఫిబ్రవరిలో పదో తరగతి గది తలుపు తట్టకండి, ఏ హెడ్మాస్టరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. తొమ్మిదో తరగతిని అడగండి. ట్రయల్ అయిపోగానే సర్వర్ ఆపేసేటట్టయితే ఆ మాట పిల్లలకి ముందే చెప్పి, ఆ ఏడాదికి మిగిలిన వారాల ప్లాన్లు ప్రింటు తీసి క్లాసు టీచరుకి ఇచ్చి రండి.

ఇట్లు,
డెల్టా బడుల్లో పాఠాలు చెప్పేవాళ్లం, ప్రోగ్రాములు రాసేవాళ్లం కొందరం